తూకపురాయి అరిగిన నెల

ఆ ల్యాబులో రక్తం లెక్కపెట్టే యంత్రం నిజం చెబుతోందా అబద్ధం చెబుతోందా అన్నది తేల్చేది ఒక ముసలాయన కుడిచెయ్యి.

యంత్రమన్నాక దానికీ ఒక పరీక్ష ఉండాలి. ముందే లెక్క తెలిసిన రక్తాన్ని పొద్దున్నే దానికి తాగించాలి. అది సరైన అంకె చెప్పాకే జనం రక్తం పెట్టాలి. అందుకోసం కంపెనీవాళ్ళు చిన్న చిన్న సీసాల్లో ఒక ద్రవం పంపుతారు. ఆ సీసాలు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవి. వచ్చినవి కాస్తా కరెంటు పోయి ఫ్రిజ్‌లోనే పాడైపోయేవి. ల్యాబు డాక్టరుగారు విసిగిపోయి ఆరేళ్ళ కింద ఒక మాటన్నారు.

"ఎప్పుడు చూసినా ఒకేలా ఉండే రక్తం ఎవరికైనా ఉంటే చూడమ్మా. ఈ సీసాల గోల వదిలిపోతుంది."

ఆయన ఆ మాట అన్నది ల్యాబులో రక్తం తీసే ఆవిడతో. నలభై దాటిన మనిషి, నరం కనపడని చేతిలో కూడా ఒకే పోటుకు రక్తం తీస్తుంది, అందుకని అందరూ సూదక్క అంటారు. సూదక్క వెతుక్కుంటూ ఊరు తిరగాల్సిన పని లేకపోయింది. అలాంటి మనిషి ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఆమె మామగారు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ తూనికల ఆఫీసులో మరమ్మతు పనివాడు. దుకాణాల్లో తక్కెడలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసే ఆఫీసు అది. ముఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి తూకపురాళ్ళు పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు వెనకాల ముప్పై నాలుగేళ్ళు వీధి వీధీ తిరిగాడు. ఆ రాళ్ళను ఎవర్నీ చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు. వేలి చెమట అంటితే బరువు మారుతుందని తను కూడా పట్టకారుతోనే ఎత్తేవాడు. ఎవరైనా కొట్టువాడు, "ఏంటండీ, వెంట్రుకంత తేడాకి ఇంత రాద్ధాంతమా" అంటే, "ఆ వెంట్రుకలు పోగేసే కదయ్యా పైన రెండంతస్తులు లేపావు" అనేవాడట.

ముప్పై రెండో ఏట ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఏడు నెలలు ఆసుపత్రి మంచం మీద పడుకుని, పక్క మంచాలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే చూశాడు. బతికి బయటపడ్డ రోజున ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఆఫీసుకి వెళ్ళి బస్తాలు తూచే కాటా ఎక్కాడు. ముప్పై తొమ్మిది కిలోలు. ఆ తరవాత ఆ కాటాని ఏడాదికోసారి మాత్రమే ఎక్కేవాడు.

అప్పటినుంచి ఆయన తన ఒంటిని కూడా ముఖమల్ పెట్టెలో పెట్టినట్టే చూసుకున్నాడు. ఐదింటికి లేచి రెండు గ్లాసుల నీళ్ళు తాగి గంట నడిచేవాడు. వచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు వేరుశనగలు తినేవాడు. ఏ కాలానికి ఏ పండు తేలిగ్గా దొరికితే ఆ పండు. మధ్యాహ్నం కంచంలో సగం ఆకుకూరే. బీడీ, చుట్ట లాంటివి వాసన కూడా పడదు. తొమ్మిదయ్యేసరికి ఇంటికి ఎవరొచ్చి ఉన్నా సరే లేచి నిలబడి, "ఇక కొట్టు కట్టేస్తున్నా" అని వెళ్ళి పడుకునేవాడు. కొడుకు పెళ్ళినాడు కూడా వియ్యంకుడు మాట మధ్యలో ఉండగానే కొట్టు కట్టేశాడు. ఆ వియ్యంకుడు, అంటే సూదక్క తండ్రి, ఇప్పటికీ ఆ మాట ఎత్తి పొడుస్తూనే ఉంటాడు.

ఇన్నేళ్ళ ఆ పద్ధతి ఫలితం ఆయన రక్తంలో కనబడింది. జబ్బుతో పోరాడే తెల్లకణాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి నాలుగు వేల నుంచి పదకొండు వేల మధ్య ఉంటాయి. జలుబు చేసినా, పన్ను నొప్పి వచ్చినా ఆ లెక్క ఎగిరి పడుతుంది. మామగారికి మాత్రం వాన అయినా ఎండ అయినా ఆరువేల ఐదొందలు. వంద అటో, వంద ఇటో. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, నడక ముగించుకుని నేరుగా ల్యాబుకి వచ్చి కుడిచెయ్యి చాచేవాడు. అంకె ఆరువేల ఐదొందలు పడితే యంత్రం మంచిది. పడకపోతే యంత్రానికే ఏదో వచ్చింది. ల్యాబులో అందరూ ఆయన్ని తూకపురాయి అనడం మొదలుపెట్టారు. ఆ పేరు వింటే ఆయన మీసం చివర్లు కదిలేవి. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి అంతకన్నా గౌరవం ఎవరిస్తారు.

ఒక్క మాట మాత్రం ఆయన ప్రతిసారీ చెప్పేవాడు. "అమ్మాయ్, తేడా వస్తే వెంటనే స్క్రూ తిప్పకు. ముందు రెండో రాయి పెట్టి చూడు. రాయి కూడా అరుగుతుంది."

"మీరు అరిగే రకం కాదులెండి మామయ్యా" అనేది సూదక్క, దూది అదుముతూ.

*

మోకాలు మొదట అరిగింది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఆయన గంట నడక అరగంటకి దిగింది. మెట్లు దిగేటప్పుడు పళ్ళు బిగపట్టేవాడు. నడక తగ్గితే ఆకలి తగ్గింది, నిద్ర తగ్గింది. చీటికీ మాటికీ విసుక్కోవడం మొదలుపెట్టాడు. సూదక్క ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "బిళ్ళలు మింగితే రక్తం మారుతుంది. నీ యంత్రం ఏమైపోవాలి" అని కొట్టిపారేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ల్యాబు ముందర ఆరోగ్య శిబిరం పెట్టారు. బీపీ ఉచితంగా చూస్తారు, బరువు చూస్తారు. ఒక మూల బల్ల వేసుకుని, చొక్కాకి మైకు తగిలించుకుని ఒకతను పొడి డబ్బాలు అమ్మాడు. పచ్చటి మూత, మీద ఆకు బొమ్మ. ఇరవై ఒక్క రకాల ఆకులూ వేళ్ళూ ఎండబెట్టి దంచిందట. రోగనిరోధక శక్తి పెరుగుతుంది, కీళ్ళ నొప్పులు పోతాయి, ఒక్క రసాయనం కూడా లేదు. జనం ఎగబడ్డారు. నలభై డబ్బాలకు పైగా పోయాయి. అందులో ఒకటి సూదక్క తీసుకుంది.

ఇంటికి తెస్తే ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద బరువు రాసి ఉంది గానీ లోపలేముందో రాసి లేదేంటి?"

"ఆకులు మామయ్యా. మీరు రోజూ తినేవే, దంచి పోశారు. బిళ్ళలు కావు."

"నువ్వు ల్యాబు మనిషివి, నువ్వు తెచ్చావు. ఇక నేను అడిగేదేముంది" అని పొద్దునొక చెంచా, సాయంత్రమొక చెంచా వేడినీళ్ళలో కలుపుకుని తాగాడు.

మూడో రోజుకి ఆయన మెట్లు గబగబా దిగాడు. సూదక్క భర్త దూరపు బస్సులు నడుపుతాడు, మూడు రోజులకోసారి గానీ ఇల్లు చేరడు. అతను వచ్చేసరికి తండ్రి వీధి చివర నుంచి చెయ్యి ఊపుతూ ఎదురొచ్చాడు. "ఏం మంత్రమేశావే" అని భార్యని అడిగాడు. ఆకులు దంచిన పొడి మూడు రోజుల్లో మోకాలి నొప్పిని ఎలా మాయం చేసిందా అని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. రక్తాలు పరీక్షించి బతికే మనిషి కూడా అడగలేదు.

*

రెండో వారం గురువారం ఆయన అంకె ఐదువేల ఒక వంద పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. సోమవారం నాలుగు వేల మూడొందలు.

సూదక్క యంత్రం వైపు కోపంగా చూసింది. మిగతా అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎర్రకణాలు సరి, హిమోగ్లోబిన్ సరి. తెల్లకణాలు లెక్కపెట్టే గొట్టంలో మురికి పట్టిందనుకుంది. కడిగింది. మారలేదు. యంత్రం తెరలో ఒక అంకె ఉంటుంది, దాన్ని పెంచితే తెల్లకణాల లెక్క అంతా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఆమె దాన్ని ఒకటిన్నర రెట్లు పెంచింది. మామగారి రక్తం మళ్ళీ పెట్టింది. ఆరువేల నాలుగొందల యాభై. హమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్ళింది.

మరో వారానికి అంకె మళ్ళీ జారింది. మళ్ళీ నాలుగు వేల మూడొందలు. "ఈ ముదనష్టపు యంత్రం" అని తిట్టుకుంటూ మళ్ళీ ఒకటిన్నర రెట్లు పెంచింది. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే వచ్చే వారం వస్తానన్నాడు. అతను ఎప్పుడూ వచ్చే వారమే వస్తాడు.

ఈలోగా ఊరి మీద ఏదో విరుచుకుపడినట్టయింది. ఎవరి రక్తం పెట్టినా పద్నాలుగు వేలు, పదహారు వేలు, పద్దెనిమిది వేలు. ల్యాబు డాక్టరుగారు రిపోర్టుల మీద సంతకాలు పెడుతూ, "ఏదో వైరస్ తిరుగుతోంది, ఇంటింటికీ అంటుకుంది" అని తల పట్టుకున్నారు. చుట్టుపక్కల డాక్టర్లు యాంటీబయాటిక్ బిళ్ళలు రాసిపారేశారు. భయంతో జనం ఇంకా ఇంకా పరీక్షలకి వచ్చారు. ల్యాబు ముందు చెప్పుల వరస మెట్లు దాటి రోడ్డెక్కింది.

తూకపురాయికి మాత్రం ఏమీ లేదు. ఇన్ని రోగాల మధ్య ఒక్కడే నిలబడ్డాడని సూదక్క మనసులోనే మురిసిపోయింది.

*

ఆ పై వారం గురువారం ఆయన పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే కూర్చుంటూనే కౌంటరు దగ్గరుండే ఆవిడని ఏదో ఒకటి అని నవ్విస్తాడు. ఆ రోజు నోరు విప్పలేదు.

"ఏంటి మామయ్యా, మౌనవ్రతమా?"

"గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. నోట్లో రెండు పుళ్ళు లేచాయి" అన్నాడు. మాట తడి లేకుండా వచ్చింది. "పొడి ఇంకో చెంచా ఎక్కువేసుకున్నాలే. తగ్గిపోద్ది."

రక్తం తీసేందుకు పట్టీ కడుతుంటే ఆయన చెయ్యి వేడిగా తగిలింది. "ఒళ్ళు వెచ్చగా ఉందే."

"నడిచొచ్చాను కదా. నడిచినవాడి ఒళ్ళు వెచ్చగా కాక చల్లగా ఉంటుందా?"

ఆమె రక్తం తీసుకుని, ఇంటికెళ్ళి పడుకోమంది. ఆయన వెళ్ళాడు. ఆమె గొట్టాన్ని యంత్రంలో పెట్టి తెర వైపు చూసింది.

రెండు వేలు.

సూదక్క చెయ్యి అలవాటు కొద్దీ ఆ అంకె పెంచే చోటికి వెళ్ళింది. మూడోసారి.

అప్పుడే కౌంటరావిడ లోపలికొచ్చింది. ముప్పై అయిదేళ్ళ భారీ మనిషి, చేతిలో సగం కొరికిన అరటిపండు. "అక్కా, నిన్న సరదాకి నా రక్తం పెట్టావు కదా. పదిహేడు వేలట. డాక్టరుగారు బిళ్ళలు రాశారు. నాకేం రోగమో కాస్త చెప్పవా. పొద్దున్నే మూడు పళ్ళు తిన్నాను, ఇది నాలుగోది. ఇంత ఆకలేసే రోగం ఏదైనా ఉంటే దాన్ని తగ్గించుకోవడం కూడా దండగే."

నవ్వబోయి సూదక్క ఆగిపోయింది. ఆమె ముఖం చూసింది. ఎర్రగా, నిగనిగలాడుతోంది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఈ పది రోజుల్లో పదహారు వేలు వచ్చినవాళ్ళు ఎంతమంది ఇలాగే పళ్ళు కొరుక్కుంటూ వచ్చారో ఒక్కసారిగా గుర్తొచ్చింది.

రెండో రాయి పెట్టి చూడు.

ఆమె తన చేతికి తనే పట్టీ కట్టుకుని, పళ్ళతో లాగి బిగించి, తన రక్తం తీసుకుంది. యంత్రంలో పెట్టింది. పదిహేను వేల ఏడొందలు.

ఆమెకి జలుబు కూడా లేదు.

బీరువా అడుగున సంచిలో చుట్టి పెట్టిన గాజుపలక ఉంది. చదువుకునేటప్పుడు దాని మీద చేత్తో లెక్కపెట్టేవాళ్ళు. రక్తాన్ని ద్రవంలో కలిపి పలక మీద ఒక చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద నాలుగు మూలల గళ్ళలో ఉన్న కణాలు లెక్కపెట్టి యాభైతో గుణించాలి. యంత్రం వచ్చాక పదమూడేళ్ళుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దుమ్ము తుడిచి ముందు తన రక్తం పెట్టింది. నాలుగు గళ్ళలో నూట నలభై. ఏడు వేలు. శుభ్రమైన లెక్క.

అంటే యంత్రం రెట్టింపుకు పైగా అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధం దాని నోట్లో పెట్టింది ఎవరు?

తరవాత మామగారి గొట్టం చేతిలోకి తీసుకుంది. పలక మీద చుక్క వేసి కన్ను ఆనించింది. మొదటి గడి. కణాలు కనపడలేదు. కాంతి తక్కువైందనుకుని అద్దం తిప్పింది. గీతలు స్పష్టంగా ఉన్నాయి. గడి ఖాళీగా ఉంది. ఊరు ఖాళీ చేసి జనం వెళ్ళిపోయాక వీధుల్ని పైనుంచి చూసినట్టుంది. మిగతా మూడు మూలల్లో ఐదు, ఆరు, ఏడు. నాలుగు గళ్ళు కలిపి పద్దెనిమిది.

తొమ్మిది వందలు.

"అక్కా, ఏమైంది? ముఖం అలా అయిపోయిందేంటి?" అంటోంది కౌంటరావిడ. సూదక్కకి ఆ మాట ఎక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టు వినిపించింది. మూడు వారాలుగా ఆ మనిషి రక్తం, పడిపోతున్నాను, పడిపోతున్నాను అని వారానికి రెండుసార్లు వచ్చి చెప్పింది. ఆమె యంత్రం నోరు నొక్కింది. రెండుసార్లు నొక్కింది. మూడోసారి నొక్కడానికి ఇప్పుడే చెయ్యి చాచింది.

చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగింది.

*

ఆయన మంచం మీద కూర్చుని వేడినీళ్ళలో పొడి కలుపుకుంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె గ్లాసు లాక్కుని తొట్టిలో పారబోసింది.

"అదేంటమ్మాయ్, మంచి మందు..."

"లేవండి. ఆసుపత్రికి."

"జలుబుకి ఆసుపత్రేంటి? సాయంత్రానికి..."

"మామయ్యా, మీ దగ్గర ఏమీ మిగల్లేదు. పోరాడ్డానికి లోపల ఎవరూ లేరు." ఆమె చెప్పులు ఆయన కాళ్ళ ముందుకి తోసింది. "ఆరువేల ఐదొందలు కావు. తొమ్మిది వందలు."

  "నాకా?" అన్నాడు ఆయన, ఎవరో చచ్చిపోయారని విన్నట్టు. చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాడు.

పెద్దాసుపత్రిలో జ్వరం చూస్తే నూట మూడు. విడిగా ఉన్న గదిలో పెట్టారు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోకుండా ఎవర్నీ రానివ్వలేదు. రెండు చేతులకీ సూదులు. అక్కడి డాక్టరమ్మ, జుట్టు నెరిసిన మనిషి, ఒకే ప్రశ్న అడిగింది. "ఈ నెల్లో కొత్తగా ఏం తిన్నారు?"

సూదక్క సంచిలోంచి పచ్చమూత డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని తెరిచి చూడను కూడా చూడలేదు. "నొప్పి వెంటనే తగ్గిందా?"

"మూడో రోజుకి."

"ఆకులకి అంత తొందర ఉండదమ్మా. నొప్పి బిళ్ళలు దంచి కలిపి ఉంటారు. పరీక్షకి పంపిస్తాను గానీ, ఇలాంటిది నేను చూడటం మొదటిసారి కాదు. కొన్ని బిళ్ళలు కొందరికి పడవు. ఎముకల్లో తెల్లకణాలు తయారయ్యే చోటే మూసుకుపోతుంది. తెలిసి వాడితే రక్తం చూసుకుంటూ వాడతాం. తెలియకుండా తినిపిస్తే ఇదిగో, ఇలా." ఆమె కాగితం మీద రాస్తూ అడిగింది. "ఇంతకుముందు ఎలా ఉండేవారు?"

సూదక్క చెప్పింది. నడక, ఆకుకూర, గుడ్లు, మోచేతుల దాకా సబ్బు, తొమ్మిదింటికి కొట్టు కట్టేయడం. చెబుతుంటే తనకే సిగ్గేసింది. ఇంత ఉన్న మనిషికి ఇంకా ఏం కలపాలని ఆ డబ్బా తెచ్చింది?

"ఆయన్ని ఇన్నేళ్ళు నిలబెట్టింది అదే" అంది డాక్టరమ్మ. "దాన్ని ఇంకా పెంచే పొడి నాకు తెలిసి లేదు. మోకాలికి నా దగ్గరకి తెచ్చి ఉంటే సరిపోయేది. ఈ మూడు రోజులు గడవనివ్వండి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

బయట వరండాలో సూదక్క భర్తకి ఫోన్ చేసింది. అతను ఎక్కడో బస్టాండులో ఉన్నాడు, వెనక హారన్లు. "నాన్నకేంటి, ఉక్కులాంటి మనిషి" అన్నాడు.  "నేనే" అంది. "నేనే చేశాను." 

ఆ మధ్యాహ్నమే ల్యాబులో యంత్రం ఆపేశారు. డాక్టరుగారు రిజిస్టరు ముందేసుకుని, పదకొండు వేలు దాటి చూపించిన వాళ్ళందరికీ ఫోన్లు చేయించారు. మీకు జబ్బు లేదు, బిళ్ళలు ఆపే సంగతి మీ డాక్టర్ని అడగండి అని. చాలామంది తిట్టారు, కొందరు నవ్వారు. పొడి అమ్మినవాడి ఫోను పనిచేయడం లేదు. అతని బల్ల ఉన్నచోట ఇప్పుడు ఎవరో సైకిలు నిలబెట్టారు.

*

మూడో రోజు మధ్యాహ్నం జ్వరం నూటికి దిగింది. లెక్క పన్నెండు వందలు. పెద్ద పెరుగుదల కాదు, కానీ పైకి తిరిగింది. డాక్టరమ్మ తల ఆడించి వెళ్ళింది. సూదక్క గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆయన పెదాలు పొలుసులు లేచి ఉన్నాయి. కళ్ళు మాత్రం పాతవే.

అప్పుడు చెప్పింది మొత్తం. యంత్రాన్ని ఎలా పెంచిందో, రెండుసార్లు ఎలా పెంచిందో. తిడతాడనుకుంది. కసురుకున్నా బాగుండుననుకుంది.

 ఆయన పైకప్పు వైపు చూస్తూ మెల్లగా, "మూడు వారాలు నాతో తూచావా?" అన్నాడు. "నేను అరిగిపోయి ఉండగా?"

"నాకు తెలియలేదు మామయ్యా."

"ఊరంతా నాతో తూచావు." చావు ఆ గదిలోకి తొంగిచూసి వెళ్ళినందుకు ఆయనకి చలనం లేదు. ఈ మాటకి మాత్రం మంచం మీంచి లేవబోయాడు. ముప్పై నాలుగేళ్ళు ఇత్తడిని వేలితో ముట్టని మనిషి. "ఎంతమందిని?"

"మూడొందలకి పైనే. అందరికీ ఫోన్ చేసేశాం. జబ్బు లేదని చెప్పేశాం."

"ఎవరికి చేశారు?"

"ఎక్కువ చూపించినవాళ్ళందరికీ."

ఆయన తల తిప్పి ఆమెని చూశాడు. అలాంటి చూపు ఆమె ఎప్పుడో ఆయన పాత కథల్లో విన్నది. తప్పుడు తక్కెడ దొరికిన కొట్టువాడిని చూసే చూపు. "అమ్మాయ్, ఎక్కువ చూపించినవాళ్ళు బతికే ఉంటారు. నాలుగు బిళ్ళలు దండగ, అంతే. యంత్రం రెట్టింపు చెబుతుంటే సరిగ్గా ఆరు వేలు చూపించినవాడి అసలు లెక్క ఎంత?"

సూదక్క లెక్క వేసింది. మూడు వేలు కూడా ఉండదు. ఆ రిపోర్టుల మీద ఏమని రాశారు? ఏమీ రాయలేదు. ఎర్రగీత లేదు. అంతా బాగుందని చేతిలో పెట్టి పంపించారు. నలభై మందికి పైగా ఆ పచ్చమూత డబ్బా కొనుక్కుని వెళ్ళారు. వాళ్ళలో ఎంతమంది రక్తం చూపించుకున్నారు? ఎంతమందికి, "భేషుగ్గా ఉంది, పొడి పనిచేస్తోంది" అని తనే చెప్పింది?

ఒకామెకి చెప్పింది. బాగా గుర్తుంది. మిషన్ మీద బట్టలు కుట్టే ఆవిడ. డబ్బా తనూ వాడుతున్నానని చెప్పి, రిపోర్టు చూసి సంతోషపడి వెళ్ళింది.

"రిజిస్టరు తెచ్చావా?" అన్నాడు ఆయన.

"మీకు అంతా చెప్పేద్దామని తెచ్చాను, సంచిలో ఉంది."

"తియ్యి. తూకపురాయి అరిగిందని తెలిస్తే మేం కిందటి తనిఖీ దాకా వెనక్కెళ్ళి ప్రతి కొట్టూ ఎక్కేవాళ్ళం. బాగున్న కొట్టు ముందు ఎక్కేవాళ్ళం. ఎందుకంటే అనుమానం లేని చోటే నష్టం ఎక్కువ."

ఆమె వేలు పెట్టి వరసన చూసుకుంటూ వెళ్ళింది. పదిహేను వేలు, పద్నాలుగు వేలు, పదహారు. వాటి మధ్య అక్కడక్కడ ఆరు వేలు, ఐదు వేల ఎనిమిదొందలు, ఏడు వేలు. మొత్తం పదకొండు మంది. ఇంతకాలం ఆ వరసల మీద కన్ను జారిపోయింది. ఇప్పుడు అవే పేజీ మీద మంట పెట్టినట్టు కనబడుతున్నాయి.

"ముందు తక్కువ చూపించినవాళ్ళ నుంచి" అన్నాడు మామగారు, ఆయాసపడుతూ. సూది గుచ్చిన చెయ్యి దుప్పటి మీద కదిలింది. "నేను ఫోను నంబరు చదువుతా. నువ్వు నొక్కు."

ఆమె పుస్తకం ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. ఆయన ఒక్కో అంకే చదివాడు. ఆమె నొక్కింది. అందరికన్నా తక్కువ, నాలుగు వేల ఒక వంద. బట్టలు కుట్టే ఆవిడ.

ఫోను మోగింది. నాలుగుసార్లు, ఐదుసార్లు.  సూదక్క ఏం చెప్పాలో మొత్తం అనుకుని పెట్టుకుంది. ఎవరో ఎత్తేసరికి అనుకున్నదంతా పోయి ఒక్క మాటే నోటికొచ్చింది.

"అమ్మా, మీకు గొంతు నొప్పిగా ఉందా?"

 అటువైపు నుంచి గరగరమంటూ, మింగలేక మింగుతున్నట్టు ఒక గొంతు వచ్చింది.

"నిన్నటి నుంచీ. మీకెలా తెలుసు?"

"ఇల్లెక్కడో చెప్పండి" అంది సూదక్క, అప్పటికే లేచి నిలబడి. మామగారు రిజిస్టరులో రెండో పేరు మీద వేలు పెట్టి ఉంచాడు.